గాలి పులియబెట్టు పానీయము



మద్యమును గూర్చి రేడియోలో ప్రసంగమేల యని మీలో కొందఱికి తోచవచ్చును. త్రాగుడువలన చితికిపోయిన కుటుంబమొకటియైనను లేని గ్రామము మన దేశమున అరుదు. 1938 లో చిత్తూరు, కడప జిల్లాలలో మద్యనిషేధము అమలుజరిగినపుడును, 1992 లో నెల్లూరు మండలపు దూబగుంట స్త్రీలు సారాయి దుకాణమునకు ఎదురు నిలిచినపుడును, 1995 లో ఆంధ్రప్రదేశమంతట నిషేధము విధింపబడినపుడును మన రచ్చబండలపై ఈ విషయమే చర్చింపబడినది. ఆ కడపటి నిషేధము 1997 లో సడలింపబడినది. చర్చ మాత్రము ముగియలేదు. నేడు నేను చెప్పబోవునది ఆ తీర్పు కాదు. తీర్పు చెప్పువారికి వస్తుజ్ఞానము ముందుగా కావలయును. పదార్థము ఎట్లు పులియును, పులిసినది ఎట్లు మత్తెక్కించును, ఆ పనిని నిజాయితీతో చేయు శిల్పి యెట్లుండును, చేయనివాడెట్లుండును, అను సంగతులు మనకు తెలిసియుండవలెను. ఈ సంగతులు నేను కన్నులార చూచినది బెల్జియము దేశపు రాజధానియగు బ్రస్సెల్సు నగరమున.

ఆ నగరమున మిడీ యను పెద్ద రైలు స్టేషను కలదు. అచ్చటినుండి కొలదిసేపు నడచినచో ఆండర్లెక్టు అను పేట వచ్చును. మోటారు దుకాణములకును సామాన్యుల ఇండ్లకును నడుమ, పేరుపలక చదివినగాని గుర్తింపరాని యొక పాత కట్టడమున్నది. అదియే కాంతియోన్ వారి బీరు కార్ఖానా. 1900 లో పాల్ కాంతియోన్ అను నతడు తన భార్యతో గూడి దీనిని నెలకొల్పెను. తొలుత వారు ఇతరులు వండిన బీరును కొని, పీపాలలో ముదురబెట్టి, కలిపి అమ్ముచుండిరి. 1930 తరువాతి దశకపు చివరిభాగమున తామే వండసాగిరి. నేటికిని ఆ వంశముతో సంబంధించినవారే దీనిని నడపుచున్నారు. నేను పోయినది చలికాలపు ఆరంభమున. ఏడాదికి రెండు పర్యాయములు వారు వంట దినమున తలుపులు తెఱచి, వచ్చినవారికెల్ల పని యంతయు చూపుదురు. నేను చూచిన దినము అట్టిది.

మొట్టమొదట ధాన్యము సంగతి. తాటిచెట్టునుండియు ఈతచెట్టునుండియు దిగు రసములో చక్కెర సహజముగనే యున్నది గాన అది తానై పులియును. ధాన్యమున ఉన్నది చక్కెర కాదు, పిండి. పిండి నేరుగా మద్యము కాజాలదు; మొదట చక్కెర కావలెను. ఈ మార్పును చేయు శక్తి మొలకయందున్నది. మన యిండ్లలో రాగులను నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకెత్తిన పిదప ఎండబెట్టి విసరి, పసిబిడ్డలకు జావ కాచి పోయుదురు కదా. ఆ జావ మామూలు జావకంటె తియ్యగాను పలుచగాను ఉండుట మీరెఱుగుదురు. మొలకలోని శక్తి పిండిని చక్కెరగా మార్చుటయే దానికి కారణము. బీరు చేయువారు యవలను అట్లే మొలకెత్తించి ఎండబెట్టుదురు. ఈ కార్ఖానాలో ఒక్కొక్క వంటకు సుమారు 1,300 కిలోల ధాన్యమును వాడుదురు. అందులో మూడింట రెండు పాళ్లు మొలకెత్తిన యవలు; తక్కిన పాలు మొలకెత్తని గోధుమలు. దీనిని బరకగా విసరి, పెద్ద తొట్టిలో వేడినీటితో కలిపి రెండు గంటలసేపు త్రిప్పుదురు. ఆ పిమ్మట వడకట్టిన రసము చెఱకుపానకమువలె తియ్యగానుండును. మిగిలిన పిప్పి పశువుల దాణాకు పోవును; వ్యర్థమనునది లేదు.

ఆ తీపి రసమును రాగి కాగులలో గంటలకొలది మరగించి, అందు హాపు అను తీగెయొక్క పువ్వులను వేయుదురు. సాధారణముగా బీరులోని చేదు ఈ పువ్వుల వలననే కలుగును. ఇచ్చటివారు మాత్రము క్రొత్త పువ్వులను వాడక, మూడేండ్లు నిలువయుంచి చేదు చచ్చిన పాత పువ్వులను వాడుదురు. చేదు అక్కఱలేనపుడు పువ్వులేల యని నేనడిగితిని. సరకు చెడకుండుటకు అని సమాధానము వచ్చెను. మన ఊరగాయలో ఉప్పు చేయు పనిని, కొంతవఱకు, ఆ పువ్వులు చేయును.

ఇంతవఱకు చెప్పినది ఏ బీరు కార్ఖానాలోనైనను కొలది భేదములతో జరుగునదే. ఇక చెప్పబోవునది మాత్రము నేటి లోకమున బహు తక్కువ తావులలో కనబడును.

కార్ఖానా మేడపై, పెంకుల క్రింద, ఒక అటుక కలదు. అచ్చట ఎఱ్ఱరాగితో చేసిన వెడల్పైన, లోతులేని పళ్లెమువంటి తొట్టి యున్నది. అందు 7,500 లీటర్ల రసము పట్టును. సాయంకాలమునకు మరగిన రసమునంతయు అందులోనికి ఎక్కించిరి. ఆవిరి కప్పును తాకుచుండెను. గోడలలోని పలకల సందులనుండి చల్లని గాలి లోనికి వచ్చుచుండెను. దానిని రాత్రియంతయు అట్లే వదలిపెట్టుదురు. మూత వేయరు, ఏమియు కలుపరు. తెల్లవారుసరికి అది 18, 20 డిగ్రీలవఱకు చల్లాఱును. ఆ రాత్రి గాలిలోనుండియు, ఆ పాత కట్టడపు దూలములనుండియు కంటికి కానరాని సూక్ష్మజీవులు దానిలో చేరును. ఆ పానీయమును పులియబెట్టునవి ఇవియు, తరువాత పీపాల కొయ్యలో కాపురమున్నవియునే.

దీని విశేషము మన వంటింటి దృష్టాంతముతో సులభముగా బోధపడును. పాలను పెరుగు చేయుటకు మీ యింట తోడు వేయుదురు. ఆ తోడు నిన్నటి మంచి పెరుగు గాన నేటి పెరుగును మంచిదగును. ఇడ్లీ పిండికి తోడు వేయువారెవరును లేరు. మినపపప్పునందును గాలియందును ఉన్న జీవులే దానిని రాత్రికి రాత్రి పొంగించును. మన పెద్దల తరవాణి కుండయు ఇట్టిదే. లోకమందలి బీరు నూటికి తొంబదితొమ్మిది పాళ్లు తోడు పెట్టిన పెరుగువంటిది. ఈ బ్రస్సెల్సు పానీయము తోడులేని తరవాణివంటిది. దీనికి లాంబిక్ అని పేరు.

తోడు పెట్టు పద్ధతి శాస్త్రీయముగా ఏర్పడుటకు చాలకాలము పట్టినది. పులియుట జీవుల పని యని ఫ్రాన్సు దేశపు లూయీ పాశ్చరు నిరూపించి, 1876 లో బీరును గూర్చి యొక గ్రంథమునే ప్రకటించెను. చెడిన బీరులో పరజీవులు చేరియుండునని ఆయన చూపెను. పిమ్మట 1883 లో డెన్మార్కు దేశమున కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ అను నతడు ఒకే జాతి కిణ్వమును వేఱుపఱచి పెంచు పద్ధతిని కనుగొనెను. అది మొదలు బీరు ఎచ్చట చేసినను, ఎప్పుడు చేసినను, ఒకే రుచి వచ్చుట సాధ్యమైనది. గొప్ప కార్ఖానాలు పెరిగినవి. ఇది శాస్త్రమునకు గొప్ప విజయమే. సరకు చెడుట తగ్గినది, నష్టము తగ్గినది. అయితే ఊరూరి గాలి, ఊరూరి రుచి అనునవి దానితో మాయమైనవి. తోడు లేకుండ పులియబెట్టువారు బ్రస్సెల్సు చుట్టుపట్ల సెన్ నదీ ప్రాంతమున మాత్రము కొందఱు మిగిలిరి.

తెల్లవారిన పిదప ఆ రసమును కొయ్యపీపాలలో నింపుదురు. కొన్ని దినములకు నురుగు పొంగి పీపా నోటినుండి వెలికి వచ్చును. ఆ వేగము తగ్గువఱకు బిరడా బిగింపరు. బిగించినచో పీపా పగులును. తరువాత నెమ్మదిగా పని సాగును. ఒక జాతి జీవులు చక్కెరను మద్యముగా మార్చి అలసిపోవును. వేఱొక జాతి పులుపును పుట్టించును. మఱియొక జాతి, మిక్కిలి మందగతితో, తక్కినవి వదలిన శేషమును తినును. ఈ కడపటి జాతిని 1904 లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలోనే క్లాసెన్ అను శాస్త్రజ్ఞుడు గుర్తించి బ్రెటనోమైసిస్ అని పేరు పెట్టెను. ఈ పని ముగియుటకు ఒకటి మొదలు మూడేండ్లు పట్టును. ఆలోగా పీపా కొయ్యగుండ కొంత భాగము ఆవిరియై పోవుచునే యుండును.

ఆ పీపాల గదిలో ఒక చిత్రమును చూచితిని. మూలమూలల సాలెగూళ్లు వ్రేలాడుచున్నవి. శుచికి పేరుబడిన దేశములో ఇదేమని నేను ఆశ్చర్యపడితిని. వానిని బుద్ధిపూర్వకముగనే తీయరట. పులుపు వాసనకు చిన్న ఈగలు ముసరును. ఈగలు చేరిన సరకు చెడును. మందు చల్లినచో మంచి జీవులును చచ్చును. కావున సాలీళ్లకే కాపలా అప్పగించిరి. పొలమున పిట్టలచేత పురుగులను తినిపించు రైతునకు ఈ యుక్తి క్రొత్త కాదు.

మూడేండ్ల సరకు సిద్ధమైన పిమ్మట యజమాని పీపా పీపాకును రుచి చూచును. ఏ రెండు పీపాలును ఒకటిగా నుండవు. ఒకటి రెండు మూడు సంవత్సరముల లాంబిక్‌లను తన నాలుక చెప్పిన పాళ్లలో కలిపి సీసాలలో పోసి బెండు బిరడా బిగించును. చిన్నదానిలో మిగిలియున్న చక్కెర సీసాలో మరల పులిసి బుడగలను పుట్టించును. దీనికి గ్యూజ్ అని పేరు. లీటరుకు సుమారు 200 గ్రాముల పుల్లని చెర్రీ పండ్లను పీపాలో వేసి నానబెట్టినచో క్రీక్ అగును. ఈ కలుపు విద్యకు పుస్తకము లేదు. తండ్రి నాలుకనుండి కొడుకు నాలుకకు వచ్చునదే.

చూచుట ముగిసిన పిదప సందర్శకులను రుచి చూచు సావడికి తీసికొనిపోవుదురు. కొయ్యబల్లలు, పీపాలు, పాత వస్తువులు తప్ప అలంకారములేదు. సీసాను అడ్డముగా ఒక చిన్న బుట్టలో పండుకొనబెట్టి తెచ్చి, అడుగు మడ్డి కదలకుండ మెల్లగా వంచి పోయుదురు. గ్లాసు చిన్నది. నేను రెండు గుక్కలు పుచ్చుకొంటిని. తీపి అన్నది లేదు. పుల్లమజ్జిగయు, పచ్చి ఉసిరికయు, పాతకొయ్యయు జ్ఞప్తికి వచ్చినవి. మత్తు కోరి వచ్చినవాడు దీనిని వేగముగా త్రాగలేడు. పులుపు గొంతును పట్టుకొనును. చుట్టును వృద్ధులు, విద్యార్థులు, ఆలుమగలు కూర్చుండి గంటసేపు ఒక గ్లాసుతో మాటలాడుచుండిరి. కేకలు లేవు, తగవులు లేవు.

దీనినిబట్టి ఆ దేశీయులు పుట్టుకతోనే మితపానులని తలంపరాదు. వారు దెబ్బతిని నేర్చుకొన్నవారు. పులియబెట్టిన పానీయము వేఱు, బట్టీపట్టిన సారాయి వేఱు. పులియుట వలన వచ్చు మద్యము సాధారణముగా నూటికి నాలుగైదు పాళ్లుండును. దానిని కాచి, ఆవిరిని చల్లార్చి పట్టినచో నలువది పాళ్లవఱకు పోవును. పందొమ్మిదవ శతాబ్దమున యంత్రశాలలు వెలసినపుడు బెల్జియము కూలీలు ఈ బట్టీసారాయికి లోబడి కూలిడబ్బును కుటుంబమునకు చేర్పకుండిరి. అందువలన 1919 లో వాండర్‌వెల్డ్ అను మంత్రి పేరిట నొక శాసనము వచ్చినది. పానశాలలలో సారాయి పోయరాదు. అంగడిలో కొనువాడు ఒక్కమాఱుగా రెండు లీటర్లకు తక్కువ కొనరాదు. రోజుకూలివాడు రెండు లీటర్ల వెల ఒక్కమాఱు తీయలేడు కదా! ఈ శాసనము 1983 వఱకు నిలిచినది. నిషేధమునకును స్వేచ్ఛకును నడుమ ఇట్టి త్రోవ కూడ నొకటి కలదని గ్రహింపదగును.

సారాయి వెనుకబడినంత మాత్రమున కాంతియోన్ వంటివారికి మంచిరోజులు రాలేదు. రెండవ ప్రపంచయుద్ధము తరువాత జనులకు తీపి పానీయములపై మనసు పోయినది. యంత్రశాలల బీరు చవుకగా దొరకుచుండెను. మూడేండ్లు పీపాలో నిలుచు సరకును ఎవడు కొనును? ఒకటొకటిగా పాత కార్ఖానాలు మూతబడినవి. అప్పటి యజమాని జాన్ పియెర్ వాన్ రాయ్, పాల్ కాంతియోన్ మనుమరాలిని పెండ్లాడినవాడు, 1978 లో ఒక సాహసము చేసెను. కార్ఖానానే ప్రదర్శనశాలగా మార్చి, పని ఆపకుండ, ప్రజలకు తలుపులు తెఱచెను. ధాన్యమిది, పువ్విది, తొట్టి యిది, వచ్చి చూడుడనెను. చూచినవాడు పులుపును అర్థము చేసికొనెను. అర్థము చేసికొన్నవాడు వెల యిచ్చెను. 2016 లో బెల్జియము బీరు సంస్కృతిని యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది. నేడు వారి సరకునకు కోరువారెక్కువ, సరకు తక్కువ. అయినను మూడేండ్ల పనిని మూడు నెలలకు దింపలేదు.

వారికి క్రొత్త చిక్కు గాలినుండియే వచ్చుచున్నది. ఈ వంట చలికాలపు రాత్రులలో మాత్రమే సాగును. ఎండకాలమున రసము మెల్లగా చల్లాఱును, గాలిలో చెడ్డజీవులెక్కువ. భూమి వేడెక్కుచుండుటచే తగిన చలిరాత్రులు తగ్గుచున్నవి. 2015 శరదృతువున రాత్రులు వెచ్చగా నుండుటచే కొన్ని వంటలను ఆపుకొనవలసి వచ్చినది. వానకారు తప్పిన రైతు బాధ యెట్టిదో చలి తప్పిన వీరి బాధయు నట్టిదే.

ఇప్పుడు మన తాటితోపునకు వత్తము. మన గీతపనివాడును తోడులేకుండ గాలిచేతనే పులియబెట్టించువాడు. చెట్టుపైని గెలను చెక్కి కుండ కట్టినతోడనే, గాలిలోనివియు కుండలో మిగిలినవియు అగు జీవులు పని మొదలుపెట్టును. ఉదయపు కల్లు తియ్యన, సాయంకాలపు కల్లు ఘాటు, మఱునాటిది పులుపు. బ్రస్సెల్సులో మూడేండ్లలో జరుగు కథ మన వేడికి ఒక దినములో జరిగిపోవును. ఆ జీవులు వలదన్నచో దానికిని ఉపాయము మనవారే యెఱుగుదురు. శుభ్రమైన కుండ లోపల సున్నము పూసినచో రసము పులియదు, అదియే నీరా. దానిలో మత్తు లేదు, కాచినచో తాటిబెల్లమగును. అచ్చట జీవులను పిలుచు విద్య, ఇచ్చట వారించు విద్య. రెండిటికిని మూలము ఒక్కటే.

భేదమెచ్చటనో చెప్పెదను. చెట్లు తఱిగి గిరాకి పెరిగిన పట్టణములలో కల్లను పేరుతో నీటిలో క్లోరల్ హైడ్రేటు, ఆల్ప్రజోలము వంటి నిద్రమందులను కలిపి అమ్ముట మన పత్రికలలో మాటిమాటికి వచ్చుచున్నది. ఆ మందులకు అలవాటుపడినవాడు ఒక్కమాఱు మానినచో వణకు, మూర్ఛ, మతిభ్రమణము కలుగును. అట్టి వానిని తిట్టియు కొట్టియు ఇంట కట్టివేయుట కాదు, ఆసుపత్రికి చేర్చుటయే కర్తవ్యము. చెట్టెక్కి ప్రాణమునకు తెగించి రసము దింపు గీతపనివాడు ఈ మోసమునకు సగము బాధితుడు. మంచి కల్లునకు వెల రాదు, చెడ్డదానికి పోటీ పడలేడు, పేరుమాత్రము తనది చెడును.

అచ్చటి సరకు నిజమైనదే యైనను అది మద్యమే. మద్యమునకు ఆరోగ్యరీత్యా నిరపాయమైన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 లో ప్రకటించినది. గర్భిణులకును, బాలురకును, కాలేయవ్యాధి కలవారికిని అది విషమే యనవలెను. కాంతియోన్ సావడిలోని నెమ్మదిని చూచి మనవారు త్రాగవలెనని నేననను.

నేననునది వేఱు. వస్తువు పుట్టుక నలుగురి కంటికి కనబడినచోట కల్తీకి తావు తక్కువ. తలుపు మూసి చేయు పనిలోనే పొడి కలియును. మీ గ్రామమున పోతుతాళ్లు, పండుతాళ్లు ఎన్ని యున్నవో, గీయువారెందఱో, దుకాణమున ఎన్ని కుండలు అమ్ముడుపోవునో పెద్దలగు మీకు తెలియును. చెట్లకు మించిన కల్లు ఊరిలో పాఱుచున్నచో అది చెట్టునుండి రాలేదనుట లెక్కయే చెప్పును. ఆ లెక్కను పంచాయతీలో అడుగుడు. సున్నపుకుండ నీరాకును తాటిబెల్లమునకును వెల పలుకు త్రోవను గీతపనివారితో కూర్చుండి ఆలోచింపుడు. తోపు నరికి అమ్ముకొనకుండ చూడుడు. తాటిచెట్టు గీతకు వచ్చుటకు పదునైదేండ్లు పట్టును. నరకుటకు ఒక పూట చాలును.